రెండో విడత

గడ్డం ఇక్కడ ఆనించండి.
నుదురు ఆ పట్టీకి తగలాలి.
కదలకండి. రెప్ప వెయ్యొచ్చు, మరీ ఎక్కువ వద్దు.
రోజుకు పదిహేనుసార్లు ఇవే మాటలు,
తెలుగులో కొందరికి, ఒడియాలో కొందరికి.
పర్లాకిమిడి కాలేజీలో జనరేటరు షెడ్డు పక్కన
కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గది మాది.

తెర మీద తొమ్మిది చోట్ల చుక్క వెలుగుతుంది.
చుక్క ఎటు పోతే చూపు అటు.
మనకు కనబడని వెలుతురొకటి
కనుపాపను సెకనుకు వెయ్యిసార్లు అడుగుతుంది:
ఇప్పుడెక్కడ? ఇప్పుడెక్కడ?
చూపు పాకదు. గెంతుతుంది,
గట్టు మీది కప్పలాగ.
ఎక్కడికి గెంతింది, ఎంతసేపు కూచుంది,
ఎక్కడ వెనక్కి తిరిగి చూసుకుంది,
అదే మనిషి గుర్తంటారు మహాపాత్రో సారు.
వేలిముద్ర అరుగుతుంది, చూపు అరగదని.

నలభై ఏడో నంబరు, బగాది తవిటమ్మ.
కొమ్ముబొమ్మలకు మెరుగుపెట్టే పని.
పద్దెనిమిదేళ్లుగా కొంగల మెడలు, రొయ్యల మీసాలు
రుద్ది రుద్ది
వేళ్ల కొసలు కూడా నున్నబడ్డాయి.
"బియ్యం కొట్లో మిసను నన్నెరగదు బాబూ.
కొంగుకి తుడుసుకుని తుడుసుకుని పెట్టాల.
ఇదైనా ఎరుగుద్దా?"
ఎరుగుతుంది అన్నాను.
అలా మాటివ్వకూడదని ఫారంలోనే ఉంది.

చుక్కల్ని బాగానే పట్టుకుంది.
తర్వాత, చదవాల్సిన పేరా. ఏడు వరుసలు,
ఏటి ఒడ్డున పడవ కోసం చూసే మనిషి గురించి.
ఆమె చూపు అక్షరాల మీద నడవలేదు.
పేరా చుట్టూ తిరిగింది,
చీకట్లో ఊరుగాని ఊళ్లో తలుపు తడుముకునేవాళ్లలా.
సున్నా కనిపిస్తే ఆగింది. ఇంకో సున్నా దాకా గెంతింది.
"మాటాడీది తెలుగే. బళ్లో నేర్పింది ఒడియా.
ఆ అచ్చరాలు గొడుగేసుకుంటాయి,
ఇయ్యేమో తలపాగా సుట్టుకున్నాయి.
నానేటి సదవగలను?"
పర్లేదు, చూస్తే చాలు అన్నాను.
ఆ మాట ఆమెకు గుచ్చుకుందని
ఏ గ్రాఫూ చెప్పలేదు.
రెండొందల వోచరు మీద
ఒడియాలో గుండ్రంగా సంతకం పెట్టి వెళ్లింది.

రెండో విడత మూడు నెలలకు.
అదే కుర్చీ, అదే పట్టీ, అదే పేరా.
ఎడమ నుంచి మొదలైంది చూపు.
అక్షరానికో మజిలీ.
ఒత్తు దగ్గర కిందికి దిగి, మళ్లీ పైకెక్కి.
పెదాలు కదులుతున్నాయి,
ఆపమనాలి. అనలేదు.
"ఎదురుచూస్తున్నాడు" దగ్గర
రెండు సెకన్లు నిలబడిపోయింది.
అయిదో వరుసలో ఉండగా తెర ఆరిపోయింది.
"పడవొచ్చిందా బాబూ?"
వందమందికి పెట్టిన పేరా.
నాకు గుర్తు లేదు.

పాతపట్నం బస్సుల బోర్డులు చూసి నేర్చిందట.
పక్కింటి కుర్రది పలక మీద దిద్దించిందట.
"బోర్డులు బేగి వెళ్లిపోతాయి గదా,
పలకైతే కూకుంటాది."

యంత్రం ఒక్క నిమిషం ఆలోచించింది.
సరిపోలలేదు. వేరే వ్యక్తి.

కళ్లజోడు మారిందా? రాత్రి నిద్ర పట్టిందా?
జ్వరం, మందులు, మద్యం?
అన్నిటికీ గళ్లున్నాయి ఫారంలో.
చదవడం నేర్చుకున్నారా అన్న గడి లేదు.
సారుకు ఫోన్ చేశాను.
డేటా పాడైనట్టుంది, తీసెయ్యి అన్నారు.
ఇది రాసేనాటికి తీయలేదు.

"ఏటంటాది? నాను కాదంటాదా?"
బియ్యం కొట్టు గొంతు అది.
కాదంటోంది అన్నాను.
కాసేపు తెర కేసి చూసింది,
తర్వాత నా కేసి.

వోచరు మీద ఈసారి తెలుగులో సంతకం,
ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి.
పాతదానితో కలవలేదని గుమాస్తా వెనక్కి పంపుతాడు.
తెలుసు, చెప్పలేదు.
పెన్ను ములుకు వెంటే పోయాయి నా కళ్లు,
ఎవరూ కొలవలేదు.

తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చింది.
మళ్లీ పెన్ను అడిగింది.
పేరులో మొదటి అక్షరానికి
తలపాగా పెట్టడం మరిచిపోయిందట.
పెట్టి వెళ్లింది.